ఆంగ్ మో కియోలో కొంగ

"కొంగ శనివారం ఎగురుతుంది."

కాగితం మీద ఉన్నవి ఆ మూడు మాటలే. లక్ష్మీదేవి మేడమ్ దాన్ని టేబుల్ మీదుగా మహీధర్ వైపు తోసి, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఈరోజు ఏ వారం?"

"శనివారం, మేడమ్."

"టైమెంత?"

"పదీ ఇరవై."

"అయితే కూర్చో. ఎగరడానికి కొంగకింకా బోలెడు టైముంది."

సింగపూర్, పాయా లేబర్‌లో ఒక ఆఫీసు టవరు. పన్నెండో ఫ్లోర్‌లో ఆ గది తలుపు మీద 'ట్రాపికల్ ఫిల్టర్స్ అండ్ సర్వీసెస్' అని బోర్డు. ఎవరైనా నిజంగా ఏసీ ఫిల్టర్లు కావాలని ఫోన్ చేస్తే స్టాక్ లేదని చెప్పడం రిసెప్షన్ డ్యూటీ. పదకొండేళ్ళుగా స్టాక్ లేని కంపెనీ ఎలా నడుస్తోందని ఆ బిల్డింగులో ఒక్కడికీ అనుమానం రాలేదు. అనుమానాలన్నీ దేవుడు ఆ తలుపు లోపలివాళ్ళకే పంచిపెట్టాడు.

మహీధర్ అక్కడ ఫీల్డ్ ఏజెంట్. ముప్ఫై తొమ్మిదేళ్ళు, మామూలు ఎత్తు, ఒకసారి చూస్తే రెండోసారి గుర్తుండని మొహం. ఈ ఉద్యోగానికి అంతకంటే పెద్ద క్వాలిఫికేషన్ లేదు.

"వింటర్‌బోర్న్ అండ్ గ్రే. విన్నావా?" అంది మేడమ్.

"బ్రిటిష్ కంపెనీ. డ్యూకులు కొనే సెడాన్లు."

"కొనేవాళ్ళు. ఇప్పుడు డ్యూకులు కూడా కొనట్లేదు. 1920లో బావా బావమరుదులిద్దరు అంబులెన్సులు చెయ్యడానికి వేసిన షెడ్డు అది. లోపల పడుకున్న రోగికి కుదుపు తెలియకూడదు, చప్పుడు వినపడకూడదు. ఆ పట్టుదలే తర్వాత లగ్జరీ అయ్యింది. వందేళ్ళలో రెండుసార్లు మూతపడే దాకా వెళ్ళి బతికారు. మూడోసారి బతకరు. అందుకే ఆరేళ్ళుగా ఒకే ఒక్క బండిని నమ్ముకుని కూర్చున్నారు. ప్రాజెక్ట్ హెరాన్. హెరాన్ అంటే కొంగే."

ఆమె ఒక ఫోటో ముందుకు జరిపింది. పొడుగాటి సెడాన్. ఒళ్ళంతా నలుపూ తెలుపూ మెలికల స్టిక్కరు. ఎక్కడ వంపు ఉందో ఎక్కడ మూల ఉందో కంటికి అందకుండా ప్రోటోటైపులకి వేసే ముసుగు అది.

"ఎలక్ట్రిక్ సెడాన్. ఇంజన్ లేకపోతే చప్పుడు లేదనుకుంటాం. టైర్లది ఉంటుంది, రోడ్డుది ఉంటుంది. ఆ చప్పుడంతా మింగేసే ఫ్లోర్ ఒకటి కనిపెట్టారు. ఏడు పొరలు. ఏ పొరని దేంతో అంటించారో ఫోటో తీస్తే తెలీదు, ఫైల్ కొట్టేస్తే తెలీదు. కోసి చూడాల్సిందే."

"అంటే బండినే ఎత్తుకుపోవాలి."

"మెరిడియన్ వాళ్ళు అదే పనిలో ఉన్నారు. ఈ కాగితం మీద ఉన్నది మనకి దొరికిన వాళ్ళ కబురే."

మెరిడియన్ ఒక రింగ్. ఇంకొకరు ఏళ్ళ తరబడి కూర్చుని కనిపెట్టినదాన్ని ఒక్క వారంలో ఎత్తుకుపోవడం వాళ్ళ వృత్తి. ఏ దేశానికి పనిచేస్తారో మేడమ్ చెప్పలేదు. చెప్పకపోవడం ఆమెకి అలవాటు, అడగకపోవడం అతనికి అలవాటు.

"హెరాన్ ఇప్పుడు ఆంగ్ మో కియోలో వాళ్ళ వర్క్‌షాప్‌లో ఉంది. వేడి టెస్టు. లోపల మెరిడియన్‌కి మనిషి ఉన్నాడు. నాకు ఇద్దరి మీద అనుమానం." మేడమ్ రెండో ఫోటో పెట్టింది. కెమెరాకి వీపు పెట్టి, బండి ముందు టైర్ల దగ్గర వంగిన ఓ బక్కపలచటి మనిషి. "అప్పయ్య. శ్రీకాకుళం జిల్లా. షిప్‌యార్డులో తొమ్మిదేళ్ళు, ఇక్కడ టెక్నీషియన్‌గా రెండేళ్ళు. గురువారం సాయంత్రం నలభై సెకన్లు అలా వంగుని ఏదో చేశాడు. అడిగితే స్పానర్ పడిందన్నాడు. చీఫ్ ఇంజనీర్ హేల్ నమ్మలేదు. ఆరింటికి చైర్మన్ వస్తున్నాడు, ఈలోపే ఐదింటికి అప్పయ్యని పోలీసులకి అప్పజెప్తాడట. దొంగైతే సరే. కాకపోతే ఓ అమాయకుడి వర్క్ పర్మిట్ పోతుంది, పేరూ పోతుంది. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు."

"రెండో మనిషి?"

"రుచిత."

మహీధర్ తలెత్తాడు. "రుచిత మన మనిషి."

"ఎనిమిది నెలల కిందట మన మనిషి. మనమే మెరిడియన్‌లోకి పంపాం. వాళ్ళు తీసుకెళ్ళి ఆ వర్క్‌షాప్‌లోనే డేటా కన్సల్టెంట్‌గా పెట్టారు. నాలుగు రోజులుగా రిపోర్టు లేదు. ఈవేళ రెండింటికి హాకర్ సెంటర్‌లో మీ మామూలు టేబుల్ దగ్గరికి రావాలి. వస్తుందో రాదో, వస్తే ఎవరి మనిషిగా వస్తుందో నువ్వే చూసుకో."

మేడమ్ సొరుగు లాగి రెండు వస్తువులు తీసింది. ఒకటి బస్సు కార్డులా ఉంది. దాన్ని ఏ ఎలక్ట్రానిక్ తలుపుకి తాకించినా అది ఎప్పుడెప్పుడు తెరుచుకుందో మొత్తం లాగేస్తుంది. రెండోది పెన్ను.

"నొక్కితే యాభై మీటర్లలో ఏ వాహనమైనా ఆగిపోతుందని టెక్నికల్ వాళ్ళు చెప్పారు."

"పనిచేస్తుందా, మేడమ్?"

"టెక్నికల్ వాళ్ళు చెప్పారన్నాగా."

*

పదకొండున్నరకి మహీధర్ నీలం చొక్కా, టోపీ, చేతిలో టూల్‌బాక్స్‌తో ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో దిగాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ అతని బ్యాడ్జి చూసి మొహం చిట్లించాడు.

"ఎయిర్‌కాన్ ఎగైన్ ఆ? నిన్ననే కదా మీవాళ్ళు వచ్చింది!"

"వేరే కంపెనీ అయ్యుంటుంది, అంకుల్," అని నవ్వి లోపలికి నడిచాడు మహీధర్.

అక్కడే ఆగి ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ మధ్యాహ్నం భోజనాలకే ముగిసేది. కానీ లోకంలో నిజమైన ఏసీ మనుషులు కూడా ఉంటారు కదా అనుకున్నాడు. అందర్నీ అనుమానించే మనిషి తన వేషాన్ని మాత్రం అనుమానించలేదు.

డెస్మండ్ హేల్ యాభై ఎనిమిదేళ్ళ ఇంగ్లీషు మనిషి. ఏసీ వేషం వెనక మహీధర్ ఎవరో అతనికి మేడమ్ ముందే చెప్పింది. హెరాన్ మొదటి గీత గీసింది అతనే. ఆరేళ్ళలో జుట్టు సగం రాలిపోయింది, ఉన్న సగం తెల్లబడింది. వర్క్‌షాప్ మధ్యలో ఉన్న ఉక్కు గది ముందుకి మహీధర్‌ని తీసుకెళ్ళాడు. గదికి ఒక మందపాటి అద్దం కిటికీ ఉంది. లోపల దీపాల కింద హెరాన్ నలుపూ తెలుపూ మెలికలతో కదలకుండా నిలబడి ఉంది. నిజంగానే జపం చేసుకుంటున్న కొంగ వాలకం.

"దీన్ని సోక్ అంటాం," అన్నాడు హేల్. "నలభై ఆరు డిగ్రీలు, గాలి నిండా తేమ, నలభై ఎనిమిది గంటలు. తోలు ఉబ్బుతుందా, చెక్క పలక లేస్తుందా, ఫ్లోర్‌లో పొరలు విడిపోతాయా చూడాలి. గురువారం ఆరింటికి మూశాం. ఈవేళ ఆరింటికి తెరుస్తాం. మధ్యలో ఒక్కసారి తలుపు తీసినా టెస్టు పోయినట్టే. ఇప్పటికే రెండు పోయాయి. ఒకసారి కరెంటు, ఒకసారి ఎవడో తెలివితక్కువవాడు తొంగి చూశాడు. ఈసారి మా రాజుగారొచ్చి అడిగినా తెరవను."

మహీధర్ కార్డు తీసి తలుపు పక్కనున్న పెట్టెకి తాకించాడు. గురువారం ఆరు నుంచి ఇప్పటిదాకా తలుపు తెరిచింది సున్నా సార్లు. పక్కన స్క్రీన్ మీద వేడి గ్రాఫు చెరువు నీళ్ళలా తిన్నగా ఉంది.

"ఈ గ్రాఫు ఎవరు చూస్తారు?"

"మిస్ రుచిత. ఈవేళ సెలవు పెట్టింది."

తలుపు తెరవలేదు, బండి కదల్లేదు. అయినా కొంగ ఎగురుతుందని కబురు. మహీధర్ మనసు ఒప్పుకోలేదు. మరీ అంత తిన్నటి గీత గీయడానికి మనిషి చెయ్యైనా ఉండాలి, లేదా మహా నమ్మకమైన మెషీనైనా ఉండాలి. నమ్మకమైన మెషీన్లని అతనింకా చూడలేదు.

అప్పయ్యని టూల్ స్టోరులో కూర్చోబెట్టి ఉంచారు. తెలుగు వినగానే ఆ మనిషి లేచి నిలబడ్డాడు. యాభై దాటిన వయసు, చేతుల మీద పాత వెల్డింగ్ మచ్చలు.

"కూర్చోండి అప్పయ్యగారూ. గురువారం బండి కింద ఏం చేశారు?"

"నానేటీ సెయ్యనేదు బాబూ. స్పానర్ పడిపోనాది. తీసినాను."

"ఏ నంబరు స్పానర్?"

"పదమూడో... పధ్నాలుగో... గుర్తునేదు బాబూ."

మహీధర్ గోడకేసి చూశాడు. ఆ వర్క్‌షాప్ పద్ధతి ప్రకారం బోర్డు మీద ప్రతి స్పానరుకీ దాని ఆకారంలోనే ఒక గుంట ఉంది. సోక్ మొదలయ్యేముందు ప్రతి పనిముట్టూ గుంటలోకి చేరిందని హేల్ స్వయంగా సంతకం పెట్టాడు. అప్పయ్య వంగింది సంతకం తర్వాత.

"స్పానర్లన్నీ గోడమీదే ఉన్నాయి కదండీ."

అప్పయ్య కుడి చెయ్యి చొక్కా అంచుని నలుపుతోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుగానే ఉంది వాలకం.

"ఐదింటికి పోలీసులొస్తారు. తెలుసా?"

"తెల్సు బాబూ." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాను దొంగని కాను. అంతకి మించి సెప్పమంటే సెప్పనేను."

దొంగలు కూడా సరిగ్గా ఈ మాటే అంటారు. మహీధర్‌కి జాలి వేసింది. జాలి వెయ్యడమే ఇంకా అనుమానంగా అనిపించింది.

*

రెండింటికి, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే ఆ హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. మూలనున్న ఒక్క టేబుల్ ఖాళీ. దాని మీద టిష్యూ పాకెట్ ఒకటి పెట్టి ఉంది. చోప్ చేశారన్నమాట, అంటే సీటు రిజర్వు. ఈ ఊళ్ళో తాళం వేసిన ఇల్లైనా దోపిడీకి గురి కావచ్చు గానీ, టిష్యూ పాకెట్ పెట్టిన టేబుల్ జోలికి ఎవరూ వెళ్ళరు.

రుచిత నల్ల కళ్ళద్దాలు, ఎర్ర సిల్కు షర్టు, వేలికి మెరిసే ఉంగరంతో వచ్చి ఆ పాకెట్ ముందే కూర్చుంది. చుట్టుపక్కల నాలుగు టేబుళ్ళలో నూడిల్స్ నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి. ఆమె వెనకాలే ఓ పొడుగాటి మనిషి వచ్చి పక్క టేబుల్‌లో సర్దుకున్నాడు. చెవిలో ఇయర్‌పీస్. ఈ రోజుల్లో తెలుగు కూడా ఫోన్లకి అర్థమవుతోంది. ఒకప్పుడు తెలుగులో మాట్లాడుకోవడమే ఒక సీక్రెట్ కోడ్. ఆ సుఖం పోయింది.

మహీధర్ చికెన్ రైస్ ట్రే పట్టుకుని వచ్చాడు. "ఈ టేబుల్ ఎవరైనా చోప్ చేశారా?"

ఇది కోడ్. 'చేశారు, కానీ ఆకలి ఆగదుగా' అని జవాబు రావాలి.

"సిట్ లా," అంది రుచిత. "ఇంకా ఫిల్టర్లే అమ్ముతున్నావా? సో బోరింగ్."

కోడ్ తప్పింది. మర్చిపోయే పిల్ల కాదు. ఇక్కడే పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగూ బయట సింగ్లీషూ మాట్లాడే ఆ అమ్మాయికి ఒక్కసారి విన్న నంబరు పదేళ్ళైనా గుర్తుంటుంది.

"బిజినెస్ ఎలా ఉంది?" అన్నాడు మెల్లిగా.

"బాగుంది. అంతా సేఫ్. బర్డ్ ఈజ్ ఇన్ ద నెస్ట్. నువ్వు ఇంటికెళ్ళి పడుకో, వీకెండ్ వేస్ట్ చేసుకోకు." ఆమె చెయ్యెత్తి డ్రింక్స్ స్టాల్ అంకుల్‌ని పిలిచింది. "అంకుల్, లైమ్ జూస్ వన్. నో లైమ్."

"నో లైమ్? దెన్ వాట్ జూస్?"

"జస్ట్ నో లైమ్ లా. నాట్ ఈవెన్ వన్."

అంకుల్ ఓ క్షణం చూసి, చక్కెర నీళ్ళలో ఐసు వేసి తెచ్చి పెట్టాడు. లైమ్ జూస్ రేటే తీసుకున్నాడు. డైటింగేమో అనుకున్నాడు మహీధర్.

ఆమె ఒక్క గుక్క తాగి లేచింది. టిష్యూ పాకెట్‌ని వేలితో అతని వైపు జరిపింది. "మూతి మీద సాస్ ఉంది. తుడుచుకో."

పొడుగాటి మనిషి కూడా లేచాడు. ఇద్దరూ జనంలో కలిసిపోయారు. మహీధర్ జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు, ట్రే తీసుకెళ్ళి స్టాండులో పెట్టాడు, టిష్యూ పాకెట్‌ని ముట్టుకోకుండా బయటికి నడిచాడు. పదకొండేళ్ళుగా సింగపూర్‌లో ఉన్నవాడు మరి. ఆమె మారిపోయిందన్న బాధ ఒకటే అతని మనసులో ఉంది. ఎనిమిది నెలల కిందట ఆమె పేరు సిఫారసు చేసింది తనే.

*

మూడున్నరకి వర్క్‌షాప్‌లో అప్పయ్య లాకర్ తెరిపించాడు. లోపల ఉతికిన ఓవరాల్స్ ఒక జత, చిన్న కుంకుమ డబ్బా, వల సంచీలో ఏడు నిమ్మకాయలు.

మహీధర్ ఆ సంచీని ఎత్తి చూశాడు. "ఏడు నిమ్మకాయలతో ఏం చేస్తారు అప్పయ్యగారూ?"

"తొమ్మిది కొన్నాను బాబూ," అని నోరు జారి, అప్పయ్య గబుక్కున పెదవి కొరుక్కున్నాడు.

హెరాన్ వెనక సీట్లో ఉంటుందని చెప్పుకునేంత నిశ్శబ్దం.

"రెండు బండి టైర్ల కింద పెట్టారు. అవునా?"

ఆ మనిషి ఒక్కసారిగా కూలబడ్డాడు. "మరేటి సెయ్యమంటారు బాబూ? ఆరేళ్ళు కట్టిన బండి. ఒక్కడైనా ఓ కొబ్బరికాయ కొట్టినాడా? రెండు టెస్టులు పోనాయి. హేల్ దొర తిండి మానేసినాడు. దిష్టి గాక మరేటి? ముందు టైర్లకి చెరో నిమ్మకాయి పెట్టినాను. సోక్ అయిపోనాక బండి కదిల్తే అయ్యే సితికిపోతాయి, దిష్టి పోద్దని. కానీ బండి దగ్గిర బయటి వస్తువేదీ పెట్టకూడదని కాగితం మీద సంతకం ఎట్టించుకున్నారు. సెప్తే పని పోద్ది. సెప్పకపోతే జైలంటన్నారు. నాకేటీ పాలుపోనేదు."

రెండు రోజులుగా ఒక బ్రిటిష్ కంపెనీ, ఒక రహస్య ఆఫీసు కలిసి నిద్రపోకుండా అనుమానించింది రెండు నిమ్మకాయల్ని. మహీధర్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"రండి," అని అప్పయ్య చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. ఇద్దరూ నేల మీద మోకరిల్లి, కిటికీ కింది అంచు నుంచి టైర్ల వైపు చూశారు.

టైర్ల ముందు నేల అద్దంలా శుభ్రంగా ఉంది. నిమ్మకాయల్లేవు.

నలభై ఆరు డిగ్రీల్లో నిమ్మకాయ ఎండిపోతుంది, నల్లబడుతుంది. ఎగిరి మాత్రం పోదు. అప్పయ్య అద్దానికి మొహం ఆనించాడు.

"ఈ బండి మన బండి కాదు బాబూ."

లైమ్ జూస్. నో లైమ్. నాట్ ఈవెన్ వన్. మహీధర్ నుదురు కొట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఎర్ర రంగు ఎమర్జెన్సీ హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"వద్దు!" హేల్ అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. "రెండు గంటలు! ఇంక రెండే గంటలు!"

హ్యాండిల్ లాగేశాడు. వేడి గాలి మొహాన కొట్టింది, ఆ గాలి నిండా కమ్మటి నిమ్మతొక్క వాసన. నేల తుడిచినవాళ్ళు వాసనని తుడవలేకపోయారు. మహీధర్ కారు వెనక తలుపు తెరిచాడు. లోపల తోలు సీట్లు లేవు, చెక్క పలకలు లేవు. ఇనుప చట్రం, బరువుకి ఇసుక బస్తాలు. ఆరేళ్ళ కొంగ స్థానంలో ఒక దిష్టిబొమ్మ.

హేల్ నేలమీదే కూర్చుండిపోయాడు. గది వెనక గోడలో కూలింగ్ యూనిట్ మార్చడానికి ఒక పెద్ద ప్యానెల్ ఉంది. దానికి లాగ్ లేదు, అలారం లేదు. నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ 'ఎయిర్‌కాన్ మనుషులు' ఓ లారీలో కొత్త యూనిట్ తెచ్చి పాతది పట్టుకెళ్ళారని గేటు దగ్గర అంకుల్ ఇప్పుడు నిదానంగా చెప్పాడు. గ్రాఫు గీత ఆ టైముకి ముందు రాత్రిదే కాపీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఆ ఇంటి దొంగే తనని పట్టుకోమని లైమ్ జూస్‌తో మొత్తుకుంటే ఈయన డైటింగ్ అనుకున్నాడు.

"బండి తాళం కూడా తీసుకెళ్ళారా?" హేల్ నేల మీంచే అడిగాడు.

అప్పయ్య చొక్కా పైకెత్తాడు. రిమోట్ తాళం మొలతాడుకి కట్టి ఉంది. "సోక్ అయ్యేదాకా ఒంటి మీంచి తియ్యొద్దని మీరే సెప్పినారు కదండీ. తానానికి కూడా తియ్యనేదు."

తాళం లేదు కాబట్టి దొంగలు బండిని చక్రాల పీటల మీద ఎక్కించి తోసుకుపోయి ఉండాలి. మహీధర్ ఫోన్ తీశాడు. మేడమ్ మొత్తం విని ఒకే మాట అంది. "వారాంతం ఓడకి పోర్టు గేటు ఐదింటికి మూస్తారు. వందల కంటైనర్లు. ఏదో తెలియాలి. తెలిసినా పేపర్లు సరిగ్గా ఉంటే ఆపే అధికారం మనకి లేదు. మనం అసలు లేమయ్యా."

కంటైనర్ నంబరు. ఆ నంబరు రుచిత తప్పకుండా చెప్పి ఉంటుంది. ఎక్కడ? ఎలా?

మూతి మీద సాస్ ఉంది. తుడుచుకో.

"ఓరి దేవుడా," అన్నాడు మహీధర్ పైకే.

*

నాలుగూ పన్నెండు. హాకర్ సెంటర్‌లో ట్రేలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు పదిమంది. మూల టేబుల్ ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ పాకెట్ అలాగే ఉంది. రెండు గంటల పాటు ఆకలితో మాడినవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. టేబుళ్ళు తుడిచే ఆంటీ కూడా చుట్టూ తుడిచి వదిలేసింది.

మహీధర్ పాకెట్ అందుకోగానే ఆంటీ కసిరింది. "ఎయ్! సమ్‌బడీ చోప్ ఆల్రెడీ!"

"నాదే ఆంటీ, సారీ!" అంటూ పరుగు తీశాడు. మడతల మధ్య రెండో టిష్యూ మీద సన్నటి అక్షరాల్లో లారీ నంబరు, కంటైనర్ నంబరు.

వర్క్‌షాప్ వ్యాన్‌లో మహీధర్ నడుపుతుంటే అప్పయ్య పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద ట్రాఫిక్ ఉంది, స్పీడు కెమెరాలున్నాయి, అప్పయ్య వేళ్ళ మధ్య మొలతాడుకున్న తాళం ఉంది. దారి పొడుగునా అప్పయ్య పెదాలు కదులుతూనే ఉన్నాయి.

నాలుగూ యాభై నాలుగుకి పోర్టు గేటు కనిపించింది. వరుసలో మూడో లారీ. నంబరు అదే. క్యాబిన్‌లో ఎర్ర సిల్కు షర్టు, పక్కన పొడుగాటి మనిషి.

మహీధర్ పెన్ను తీసి లారీ వైపు పెట్టి నొక్కాడు. తమ వ్యాన్ ఆగిపోయింది. లారీ ముందుకి జరిగింది.

"టెక్నికల్ వాళ్ళు!" అని పళ్ళు నూరుకుని దిగి పరుగెత్తాడు. గేటు ఆఫీసర్ ఒక యువతి. మర్యాదగా విన్నది, మర్యాదగా తల అడ్డంగా తిప్పింది. "పేపర్లలో చిల్లర్ యూనిట్ అని ఉంది. సీలు సరిగ్గా ఉంది. మీరెవరు?"

"ఏసీ ఫిల్టర్లు..." అని ఆగిపోయాడు మహీధర్.

నాలుగూ యాభై ఎనిమిది. లారీ గేటు కిందికి వచ్చింది. అప్పయ్య కంటైనర్ వెనక తలుపు దగ్గరికి చేరి తాళం నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఇనుప డబ్బాలోకి సిగ్నల్ పోవడం లేదు. ఆఫీసర్ పేపర్ల మీద స్టాంపు వేసింది. గేటు కర్ర లేవడం మొదలైంది.

తొమ్మిదేళ్ళు షిప్‌యార్డులో ఇలాంటి ఇనుప డబ్బాల మధ్యే తిరిగిన మనిషి అప్పయ్య. పైమూల దగ్గర చిన్న గాలి కన్నం ఉంటుందని అతనికి తెలుసు. తలుపు కడ్డీలు పట్టుకుని ఎగబాకాడు. మొలతాడు పొట్టిది కాబట్టి తాళం అందక నడుమునే కంటైనరుకి ఆనించాడు. కన్నానికి తాళం అదిమి నొక్కాడు.

లోపలినుంచి హారన్ మోగింది. మెత్తగా, మర్యాదగా, పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టుగా. ఆ ఒక్క హారన్ శబ్దం కుదరడానికి వింటర్‌బోర్న్ అండ్ గ్రే వాళ్ళు ఎనిమిది నెలలు పనిచేశారు.

ఆఫీసర్ తలెత్తింది. అప్పయ్య మళ్ళీ నొక్కాడు. హారన్ మళ్ళీ గొంతు సవరించుకుంది.

"చిల్లర్ యూనిట్లకి హారన్ ఉంటుందా, మేడమ్?" అన్నాడు మహీధర్.

గేటు కర్ర దిగిపోయింది. క్యాబిన్‌లో పొడుగాటి మనిషి కోటు లోపలికి చెయ్యి పోనిచ్చాడు. రుచిత హ్యాండ్‌బ్యాగ్ తిప్పి వాడి ముక్కు మీద ఒక్కటి ఇచ్చింది. ఆ బ్యాగులో ఏముందో గానీ వాడు మళ్ళీ కదల్లేదు. అప్పటికి సరిగ్గా ఐదు.

అప్పయ్య కంటైనర్ వెనక వేలాడుతూనే ఏడుస్తున్నాడు. మహీధర్ కింద నిలబడి అతని కాళ్ళు పట్టుకున్నాడు. పొద్దున్నుంచీ ఈ మనిషిని దొంగనుకున్నందుకు సిగ్గేసి, దించాక కూడా చెయ్యి వదల్లేదు.

"నిమ్మకాయలు," అన్నాడు రుచితతో, పోలీసులు వచ్చాక.

"బండిని పీటల మీదకి ఎక్కిస్తుంటే టైర్ కింద చితికాయి. వాట్స్ దిస్ అని నన్నడిగారు. నేను చూడగానే కనిపెట్టాను, మా మమ్మీ కొత్త కారుకి పెడుతుంది లా. చెత్త, క్లీన్ చేసెయ్యండి అన్నాను. పెట్టినవాళ్ళు తప్పకుండా ఇంకోసారి వంగి చూసుకుంటారని తెలుసు. నా ఫోన్ వాళ్ళ దగ్గరుంది, వాడు నా వెనకే ఉన్నాడు. ఇంకేం చెయ్యను?" ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నాలుగు రోజుల నిద్రలేమి. "టిష్యూ చూసి మూడింటికల్లా వస్తావనుకున్నాను. ఇంత లేటేంటి?"

మహీధర్ టిష్యూ పాకెట్‌ని జేబులోకి తోశాడు. "ట్రాఫిక్," అన్నాడు.

*

సోమవారం నాలుగో సోక్ మొదలైంది. ఉక్కు తలుపు మూసేముందు అప్పయ్య ముందు టైర్ల దగ్గర నలభై సెకన్లు వంగున్నాడు. ఆ నలభై సెకన్లూ హేల్ గోడ గడియారం వైపు తిరిగి చాలా శ్రద్ధగా టైము చూసుకున్నాడు.

మర్నాడు కంపెనీ నుంచి అప్పయ్యకి ఒకే కవరులో రెండు లెటర్లు వచ్చాయి. మొదటిది మెచ్చుకోలు. జరిగినదంతా రహస్యం కాబట్టి అందులో 'సాధారణ శ్రద్ధాసక్తులకు' అని తప్ప ఇంకేమీ రాయలేదు. రెండోది వార్నింగ్. ఫలానా తేదీన, ఫలానా గంటకి, హెరాన్ సెడాన్ ముందు టైర్ల కింద అనుమతి లేకుండా రెండు నిమ్మకాయలు ఉంచినందుకు అని అప్పయ్య పూర్తి పేరుతో, చైర్మన్ సంతకంతో, ఏమీ వదలకుండా రాశారు.

ఆ వార్నింగ్ లెటర్‌కి అప్పయ్య నాలుగు మూలలా పసుపు రాసి, ఫ్రేము కట్టించి, డార్మిటరీలో మంచం తలవైపు మేకుకి తగిలించుకున్నాడు. మెచ్చుకోలు లెటర్ ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ వెతుకుతున్నాడు.